భీమయ్య తవ్విన బావి

మర్రిగూడ దగ్గరి ఒక పల్లెలో భీమయ్య అనే రైతు తన మెట్ట చెలకలో మూడు ఎండాకాలాలు బండ పగలగొట్టాడు. పొద్దున దిగితే పొద్దుగూకేదాకా బావిలోనే. భార్య గుర్వమ్మ పైనుంచి తట్టలతో రాళ్లు లాగేది. 1956లో, పదిహేను గజాల లోతున, గడ్డపార దిగిన పగులులోంచి నీళ్లు చిమ్మాయి.

"పడ్డయే గుర్వమ్మా, నీళ్లు పడ్డయి!" అని లోపలినుంచి అరిచాడు. ఊరంతా ఉరికొచ్చింది.

అంతవరకు ఆ నేలలో ఆముదాలు, జొన్నలు, కందులు. అవీ వాన పడితేనే. పూటపూటా జొన్న గట్క, చింతపండు పులుసు. వరి అన్నం పండగ పూట మాటే. ఇప్పుడు ఎద్దులతో నీళ్లు తోడే మోట కట్టి అరెకరం వరి వేశారు. మిగతా బావులన్నీ ఫాల్గుణానికే ఎండిపోతే, ఈ బావిలో వైశాఖంలోనూ నడుములోతు నీళ్లుండేవి. అందరూ అక్కడే ముంచుకున్నారు. కాదనడం భీమయ్యకు తెలియదు.

మొదటి పంట బియ్యం వండిన రోజు, వార్చిన అన్నం లేత పసుపు రంగు తిరిగింది. గుర్వమ్మ మెతుకు పట్టి చూసింది.

"అత్తా, అన్నం గిట్ల పచ్చగయిందేంది?"

"కొత్త బియ్యం బిడ్డా, గట్లనే ఉంటది. పెట్టు" అంది నర్సింగమ్మ. జన్మంతా గట్క తిన్న ముసలామె ఆ పూట మూడుసార్లు పెట్టించుకుంది.

నాలుగేళ్లకు మోటెద్దుల్లో ఒకటి ముందుకాళ్లు బిగుసుకుపోయి కూలబడింది. కొన్నాళ్లు మోకాళ్ల మీదే గడ్డి మేసి, ఒకరోజు అదీ మానేసింది. ముసలిదైందన్నారు ఇరుగుపొరుగు. దానికి వయసు మీరలేదని గుర్వమ్మకు తెలుసు.

ఆ మరుసటేడు పెద్ద కూతురు కౌసల్యకు పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చాయి. సున్నం అద్దినట్టు మచ్చలు. చూస్తుండగానే ఆ మచ్చల్లో గోధుమరంగు చారలు. గుర్వమ్మ కూతుర్ని ముందేసుకుని బొగ్గుతో తోమింది, ఉప్పుతో తోమింది. చిగుళ్లలోంచి నెత్తురు కారింది గాని చారలు పోలేదు.

"నొస్తాందమ్మా, ఇడిసిపెట్టు" అని పిల్ల ఏడ్చింది.

ఆ రోజునుంచి గుర్వమ్మ కళ్లు పిల్లల నోళ్ల మీదే. వాడలో ఏ పిల్ల నవ్వినా అవే పళ్లు. వాగు అవతల గొర్రెల మందతో ఉండే బిక్షమ్మ పిల్లలకు మాత్రం తెల్లగా మెరుస్తున్నాయి.

"మీరు ఏ నీళ్లు తాగుతరు బిక్షమ్మా?"

"మాకు బావి యాడిదక్కా? వాగు ఇసుకల చెలిమె గుంత తీసి తోడుకుంటం."

గుర్వమ్మ ఇంటికొచ్చి భీమయ్యతో చెప్పింది. "బావి నీళ్లల్ల ఏమో ఉన్నదయ్యా. పిల్లకు తాపొద్దు."

"మూడేండ్లు రాయి కొట్టిన. ఊరంత గా నీళ్లమీదనే బతుకుతాంది. విషమంటవా?"

అతను చెంబెత్తి గటగటా తాగాడు. తాగడానికి మెడ వెనక్కి వాలలేదు. నడుము దగ్గర్నుంచి ఒళ్లంతా వెనక్కి వంచాల్సి వచ్చింది. గుర్వమ్మ అది చూసింది. ఆమె చూసిందని అతనికీ తెలిసింది.

1963 నాటికి భీమయ్య కింద కూర్చోలేక నిలబడే తినేవాడు. నల్గొండ దవాఖానలో డాక్టరు అతని వెన్ను తడిమి చూశాడు.

"ఎముకలు బిగుసుకుపోతున్నాయి. ఏ బావి నీళ్లు తాగుతవు?"

భీమయ్య చొక్కా దించుకున్నాడు. "నాదే సారు. నేనే తవ్విన."

బండలోంచి నీళ్లలోకి దిగే ఫ్లోరైడ్‌తో వచ్చిన జబ్బని, దీనికి మందు లేదని, నీళ్లు మార్చుకోవడమొక్కటే దారని డాక్టరు చెప్పాడు. తిరుగుబస్సులో భీమయ్య సీట్లో కూర్చోలేక కడ్డీ పట్టుకుని నిలబడి, దారిపొడుగునా కిటికీలోంచి బీడు నేలల్ని చూస్తూ వచ్చాడు. మర్నాడు మోట విప్పేశాడు. వరిమడిలో జొన్న చల్లాడు. నీళ్లకొచ్చిన ప్రతి మనిషికీ చెప్పాడు: "పశువులకు గూడ పెట్టకుండ్రి. తాగకుండ్రి."

"మరేం తాగాలె భీమన్నా?" అనేవాళ్లు. బిందెలు నింపుకుని పోయేవాళ్లు.

చిన్నకూతురు నిర్మలకు అప్పుడు ఏడాది. గుర్వమ్మ రోజూ కోసెడు దూరం నడిచి వాగు చెలిమె నుంచి ఒక బిందె తెచ్చేది. చెలిమె ఊరేదే అంత. ఆ నీళ్లతో చిన్న కుండలో వేరుగా వండేది. తక్కినవాళ్లకు బావి నీళ్లే.

పదేళ్ల కౌసల్య రెండు కుండల్నీ చూసింది. "అమ్మా, నాకు గా కుండల పెట్టవా?"

గుర్వమ్మ పొయ్యి ఎగదోసింది. ఆ నీళ్లు ఇద్దరికీ చాలవు. పెద్దదాని మోకాళ్లు అప్పటికే ఒకదానికొకటి రాసుకుంటున్నాయి.

"రెండో బిందె నేను తెస్త" అన్నాడు భీమయ్య. కర్ర పట్టుకుని వాగుదాకా వెళ్లాడు. చెలిమె అంచున నిలబడ్డాడు. వంగలేకపోయాడు. మోకాళ్ల మీద దిగబోయి ఇసుకలో పక్కకు పడ్డాడు. బిక్షమ్మ పిల్లలొచ్చి లేపారు. ఖాళీ బిందెతో తిరిగొచ్చిన మనిషి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

మర్నాటినుంచి తల్లితోపాటు కౌసల్య నడిచింది. రెండో చెలిమె తీసింది. ఆలస్యంగానైనా ఆ పిల్లకూ వాగునీళ్ల అన్నం దొరికింది. కాళ్లు మాత్రం మళ్లీ తిన్నగా కాలేదు. నర్సింగమ్మ చివరిదాకా బావి నీళ్లే తాగింది. మనవరాళ్ల నీళ్లు తనకొద్దంది. మంచంలో విల్లులా ముడుచుకునే పోయింది.

నిర్మలకు మూడేళ్లు నిండిన ఏడాది వానలు పడలేదు. బావి నీళ్లే కీడని ఊళ్లోని ఆడవాళ్లు అప్పటికి ఒక్కొక్కరే నమ్మారు. తెల్లవారేసరికి వాగులో ముప్పై బిందెలు వరసలో ఉండేవి. ఇసుక దిగిపోతూ వచ్చింది. మోచేతి లోతు, తర్వాత భుజం లోతు. కౌసల్య వంకర కాళ్లు చాపి గుంత అంచున బోర్లా పడుకుని, కొబ్బరి చిప్పతో అడుగున గీరింది.

"తడి తగిలిందా బిడ్డా?" అని గుర్వమ్మ అడిగింది.

"ఇంకా లేదమ్మా" అని లోపలినుంచి వినిపించింది. వెనకనున్న ఆడవాళ్లు బిందెలు కింద పెట్టి ఇసుక మీద కూర్చున్నారు.