పెద్దమ్మగారు నొక్కితేనే స్టార్టు

నేను తక్కువ మాట్లాడతాను. ముప్పయ్యెనిమిదేళ్ళుగా బండి తోలుతున్నాను. తోలేవాడు మాట్లాడితే ఎక్కినవాళ్ళకి భయం, ఎక్కినవాళ్ళు మాట్లాడితే తోలేవాడికి విసుగు. అందుకని ఎవరైనా ఏదైనా అడిగితే పొడుం డబ్బా తీసి ఒక పట్టు పీలుస్తాను. నేను తుమ్మేలోపు వాళ్ళు అడిగింది మరిచిపోతారు. డబ్బా అరచేయంత ఉంటుంది. స్టీలుది, మూత బిగుతు. ఈ కథలో దానికీ కొంచెం పని ఉంది గనక ముందే చెబుతున్నాను.

మా అయ్యగారిది కళ్ళజోళ్ళ కొట్టు. పాత కారు ఉన్నన్నాళ్ళూ సాయంత్రం తాళంచెవి గోడ మేకుకి తగిలించి వెళ్ళేవాణ్ణి, పొద్దున్నే తీసుకునేవాణ్ణి. పోయిన నెల కొత్త కారు కొన్నారు. దానికి తాళంచెవి దూర్చే కన్నమే లేదు. నల్లటి సబ్బుబిళ్ళ లాంటిది ఒకటి ఎవరి జేబులోనైనా ఉంటే చాలు, తలుపు తెరుచుకుంటుంది. బ్రేకు తొక్కి గుండ్రటి బటను నొక్కితే ఇంజను స్టార్టవుతుంది. ఆ బిళ్ళే తాళంచెవి. కొత్త మోజు కదా, అయ్యగారు దాన్ని ప్యాంటు జేబులో ఉంచుకుని వెనక కూర్చునేవారు. నేను బటను నొక్కేవాణ్ణి. చేతికి ఇచ్చేదీ పుచ్చుకునేదీ లేకపోయేసరికి తాళంచెవి అనేది ఒకటుందన్న సంగతే ఇద్దరం మరిచిపోయాం.

ఆ రోజు పొద్దున్నే అయ్యగారిని రైలు స్టేషనులో దింపాను. కళ్ళజోళ్ళ సరుకు కోసం మూడు రోజులు పొరుగూరు వెళుతున్నారు. ఆయన దిగీ దిగగానే కారు కీచుకీచుమంది. ముందున్న అద్దంలాంటి దానిమీద ఒక తాళంచెవి బొమ్మ, దాని మీద ఇంటూ గుర్తు కనబడ్డాయి. కింద ఏవో అక్షరాలున్నాయి. నేను కూడబలుక్కుని చదివేలోపు మాయమయ్యాయి. పోనీలే అనుకుని బయలుదేరాను. కారు బాగానే నడిచింది.

దారిలో అయ్యగారి ఫోను వచ్చింది. రైలు కదిలాక జేబులో చెయ్యి పెట్టుకున్నారట.

"తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది. నువ్వు ఇంజను మాత్రం ఆపకు. ఆపావా, ఇక స్టార్టవదు," అన్నారు.

రెండో తాళంచెవి ఎక్కడుందో అమ్మగారికే తెలుసునట. ఆవిడ టీచరు. ఆ రోజు పరీక్ష డ్యూటీలో ఉన్నారు, సాయంత్రం దాకా ఫోను కట్టేసి ఉంటుంది. అత్తగారిని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, తీసుకొచ్చి, అప్పుడు ఇంటి ముందు ఆపమన్నారు. సరేనన్నాను.

ఆ అత్తగారే మా పెద్దమ్మగారు. డెబ్భై నాలుగేళ్ళు. ఆవిడ పెట్టుడు పళ్ళు నెల కిందట సింకులో పడి రెండు ముక్కలయ్యాయి. కొత్తవి తయారయ్యాయని కబురొచ్చింది. కానీ డాక్టరు పన్నెండింటికి తలుపులు మూసి నలభై రోజులు వేరే ఊరు పోతున్నాడు. ఈలోగా, అంటే మర్నాడే, పెద్దమ్మగారి అక్కగారు దిగబోతోంది. నెల రోజులు ఉంటుంది. ఆవిడకి డెబ్భై తొమ్మిది. ముప్పయి రెండు పళ్ళూ సొంతానివే, ఒక్కటీ కదల్లేదు. చిన్నప్పటి నుంచీ ప్రతి విషయంలోనూ చెల్లెలి కంటే ఒక మెట్టు పైనే ఉంటూ వచ్చిందట. ఆ అక్క ముందు బోసినోటితో నెల రోజులు కూర్చోవడం కంటే కాశీకి పోవడం నయమని పెద్దమ్మగారు వారం నుంచీ అంటోంది. పళ్ళు లేక ఆవిడ మాటలో గాలే ఎక్కువగా ఉండేది. నేను తిన్నగా రాస్తున్నాను.

ఆవిడ గురించి ఇంకొకటి చెప్పాలి. ఇంట్లో ఎక్కడ దీపం వెలిగినా, ఫ్యాను తిరిగినా, పంపు కారినా ఆవిడ వేలు అక్కడ ఉంటుంది. మనవరాలు చదువుకుంటుండగానే లైటు ఆర్పేసి పోతుంది. ఒకసారి నేను టార్చి పట్టుకుని కారు కింద చూస్తుంటే, అటుగా వెళుతూ దాన్నీ ఆర్పేసింది.

ఇంటి ముందు ఇంజను ఆపకుండా హారను కొట్టాను. ఆవిడ గదిగదికీ తిరిగి అన్నీ ఆర్పి, భుజాన సంచి వేసుకుని వచ్చింది. సంచిలో ఆవిడ స్టీలు డబ్బా ఉంది, విరిగిన పళ్ళు అందులోనే. ఆ డబ్బా ఆ ఇంటికి ఇనప్పెట్టె కింద లెక్క. ముందు సీట్లోనే కూర్చుంది. వెనక కూర్చుంటే నా మీద అజమాయిషీ కుదరదు.

"మనిషెక్కని బండికి ఇంజనెందుకయ్యా మూగయ్యా?" అంది. నన్ను ఆవిడ అలాగే పిలుస్తుంది. నేను పొడుం పీల్చాను.

సగం దూరంలో రైలు గేటు పడింది. టైము పదకొండు పది. ముందూ వెనకా అందరూ ఇంజన్లు ఆపేశారు. మా కారు ఒక్కటే గురక పెడుతోంది. పెద్దమ్మగారు కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. ఊరంతా ఆర్పుకుంటే మనకేం పోయేకాలమని అడిగింది. తర్వాత ఆవిడ చూపు బటను మీద పడింది. దాని చుట్టూ సన్నగా దీపం వెలుగుతోంది.

"అది ముట్టుకోకండమ్మా," అన్నాను.

"ఏం?"

ఎందుకో చెప్పాలంటే పది మాటలు కావాలి. అన్ని మాటలు ఒక్కసారిగా నా దగ్గర ఉండవు. పొడుం డబ్బా తీశాను. పీల్చాను. తుమ్మాను. కళ్ళు తెరిచేసరికి దీపం లేదు, గురకా లేదు.

"ఎంత హాయిగా ఉందో చూడు," అంది ఆవిడ, వేలు చీర కొంగుకి తుడుచుకుంటూ.

రైలు పోయింది. గేటు లేచింది. బ్రేకు తొక్కి బటను నొక్కాను. తాళంచెవి బొమ్మ, దాని మీద ఇంటూ గుర్తు. ఆవిడా నొక్కింది. మళ్ళీ అదే బొమ్మ. ఇక తప్పక చెప్పాను, తాళంచెవి అయ్యగారి జేబులో రైలెక్కిందని.

"ఆ ముక్క ముందే ఏడవకూడదూ?"

"ముట్టుకోవద్దన్నానుగా అమ్మా."

"ముట్టుకోవద్దంటే ముట్టుకోకుండా ఎవరుంటారయ్యా?"

నేను ఇంకో పట్టు పొడుం పీల్చాను.

వెనక బండ్లు మొరగడం మొదలెట్టాయి. జనం చేరారు. ఒకాయన తలుపు గట్టిగా నాలుగుసార్లు వేసి చూడమన్నాడు, టీవీని కొట్టినట్టు. ఒకాయన బటను తడి వేలితో నొక్కమన్నాడు. తోస్తే స్టార్టవుతుందని పది మంది తోశారు. చక్రాలు అంగుళం కదల్లేదు. బండి మంకుపట్టు పట్టిన దున్నలా కూర్చుంది. గేటు దగ్గర పనిచేసే మనిషి వచ్చి, నేను ఎన్నో బండ్లు పట్టాల మీద ఆగడం చూశాను గానీ పట్టాలకి ముందే ఇంత క్రమశిక్షణగా ఆగిన బండిని చూడలేదన్నాడు.

పెద్దమ్మగారు చేతి గడియారం చూసుకుంటోంది. పదకొండు ఇరవై రెండు. వెటకారం చేసే మనిషి వెటకారం చెయ్యకపోతే చూడలేం. నేను ఒక్క ముక్క దాచుకోవడం వల్ల ఆవిడ నెల్లాళ్ళు అక్క ముందు నోటికి కొంగు అడ్డం పెట్టుకోవాలి.

మా వెనకాలే ఒక మూడు చక్రాల ట్రాలీ ఆగి ఉంది. నిండా దూది పరుపులు, ఒకదాని మీద ఒకటి. దాన్ని నడిపే పరుపులాయన దిగి వచ్చి సంగతేమిటని అడిగాడు. చెప్పాను. ఆ రోజుకి నా మాటలన్నీ అక్కడే ఖర్చయ్యాయి. అతను పళ్ళ డాక్టరు వీధి దాటి హాస్టలుకి పరుపులు వేసుకెళుతున్నాడట.

"ఎక్కండి బామ్మా. నా బండికీ తాళంచెవి లేదు. పోయి పన్నెండేళ్ళయింది," అన్నాడు.

హ్యాండిలు కింద వేలాడుతున్న రెండు వైర్లు ఒకదానికొకటి తాకించాడు. బండి దగ్గింది, ఉమ్మింది, స్టార్టయింది. మా కారు విలువలో నూరో వంతు చెయ్యదు ఆ ట్రాలీ. నాకు చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

పెద్దమ్మగారిని నలుగురు పట్టి పరుపుల పైకి ఎక్కించారు. కారు ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని నేను వెనక్కి చూస్తే, గేటు మనిషి, తోలేవాడే కదల్చలేనిదాన్ని దొంగ ఎలా కదిలిస్తాడు, పొమ్మన్నాడు. నేను పరుపులాయన పక్కన ఒక తుంటి మీద కూర్చున్నాను. దారిలో రెండు చోట్ల సైను బోర్డులు కిందకి ఉన్నాయి. అక్కడ ఆవిడ పడుకోవాల్సి వచ్చింది. రోడ్డు మీద వాళ్ళు పాపం ఎవరో రోగి అనుకుని దారిచ్చారు. ఎర్ర దీపం దగ్గర బండి ఆగినప్పుడు పై నుంచి ఆవిడ గొంతు వినిపించింది, ఆ వైర్లు విడదియ్యమని, ఊరికే ఎందుకు కాల్చడమని. ఆవిణ్ణి చెయ్యి అందనంత ఎత్తున కూర్చోబెట్టడం మంచిదయింది.

పన్నెండుకి ఏడు నిమిషాలుందనగా చేరాం. డాక్టరు చేతిలో పెట్టెతో మెట్లు దిగుతున్నాడు. పెద్దమ్మగారు పరుపుల మీది నుంచే నోరు తెరిచి చూపించింది. అతను మళ్ళీ మెట్లెక్కాడు.

నేను బయట బల్ల మీద కూర్చున్నాను. పావుగంటలో ఆవిడ బయటికొచ్చి నన్ను చూసి నవ్వింది. ఇన్నేళ్ళలో నన్ను చూసి నవ్వడం అదే మొదలు. భయమేసింది. పళ్ళు మాత్రం తెల్లగా, వరసగా, కొత్త ప్రహరీగోడలా ఉన్నాయి. రోజూ పడుకునేముందు వాటిని నీళ్ళలో ఉంచాలని డాక్టరు చెప్పాడట. దానికి తన స్టీలు డబ్బాని మించింది లేదని, అందులోని చెత్తంతా నర్సు చేత ఒక కాగితం సంచిలోకి ఒంపించి, డబ్బా కడిగించుకుంది. ఆ కాగితం సంచి నాకిచ్చి తన సంచిలో వెయ్యమంది. చూడకుండా వేశాను.

పరుపులాయన హాస్టల్లో సరుకు దింపి, మాట ప్రకారం వచ్చి మమ్మల్ని గేటు దగ్గరికి చేర్చాడు. నేను సాయంత్రం దాకా కారుకి కాపలా ఉండాలనీ, ఆవిడ ట్రాలీలోనే ఇంటికి పోవాలనీ అనుకున్నాం. కానీ ఆవిడ ముందు కారుతో ఒక మాట చెప్పాలంది. సంచి ఒళ్ళో పెట్టుకుని తన సీట్లో కూర్చుంది. నన్నూ కూర్చోమంది. బ్రేకు తొక్కమంది. తొక్కాను. పెద్దలు చెప్పినప్పుడు వినాలి కదా.

ఆవిడ కారు ముఖంలోకి చూసి, ఒక్కొక్క అక్షరం కొరికి మరీ అంది. "ఇందాక పళ్ళు లేవని లోకువగా చూశావు. ఇప్పుడు చెబుతున్నాను. కదులు."

బటను నొక్కింది. ఇంజను స్టార్టయింది.

గేటు మనిషి తను కూర్చున్న స్టూలు మీది నుంచి లేచి నిలబడ్డాడు. పరుపులాయన టోపీ తీశాడు. నేను పొడుం పీల్చాను. తుమ్ము కూడా రాలేదు.

మొదటి గతుకు దగ్గర ఆవిడ ఒళ్ళోని సంచి జారి పడింది. కాగితం సంచి చినిగింది. విరిగిన పళ్ళ ముక్కలు రెండు, ఒక పిన్నీసు, ఒక చొక్కా గుండీ, వాటి వెనకాలే నల్లటి సబ్బుబిళ్ళ లాంటిది ఒకటి దొర్లి నా కాలి దగ్గర ఆగింది.

కారు పక్కకి ఆపాను. అదేమిటని అడిగాను.

"మా అమ్మాయి జాగ్రత్తగా దాచమని ఇచ్చింది. ఏమిటో నాకేం తెలుసు. దాచమంది, దాచాను. స్టీలు డబ్బాలో పెడితే ఈగ కూడా దూరదు," అంది.

ఈగ లోపలికి దూరని చోటి నుంచి, స్టీలు దాటి, తాళంచెవి కారుకి పంపే పిలుపు బయటికెలా వస్తుంది? పొద్దుటి నుంచీ అది నాకు మూరెడు దూరంలో, ఇనప్పెట్టెలో, విరిగిన పళ్ళ పక్కన పడుకుని ఉంది. ఇంకో తాళంచెవి ఎక్కడమ్మా అని పక్కనున్న మనిషిని ఒక్క మాట అడగలేదు నేను. అడిగినా, అది తాళంచెవని ఆవిడకి తెలిస్తేగా.

చెబుదామని నోరు తెరిచాను. ఆవిడ అద్దం తనవైపు తిప్పుకుని పళ్ళు చూసుకుంటోంది.

"బండి కూడా పళ్ళున్నవాళ్ళ మాటే వింటుందయ్యా మూగయ్యా."

నోరు మూసుకున్నాను. ఆవిడ, డబ్బాలో ఇక ఆ బిళ్ళకి చోటు లేదు, నీ దగ్గరే ఉంచుకోమంది. ఒక కాగితంలో చుట్టి నా పొడుం డబ్బాలో పెట్టాను. ఎలాగో పట్టింది.

సాయంత్రం అయ్యగారు ఫోను చేసి కారు ఇంటికెలా వచ్చిందని అడిగారు. పెద్దమ్మగారు నొక్కారండి అన్నాను. అది అబద్ధం కాదు. అయ్యగారు అదే మాట మళ్ళీ నాచేత చెప్పించుకున్నారు. తర్వాత సరే అన్నారు.

మర్నాడు స్టేషనుకి వెళ్ళాం. అక్కగారు దిగింది. పొడుగు మనిషి. నవ్వితే ముప్పయి రెండూ కనబడ్డాయి. చెల్లెలి నోరు చూసి, బాగానే అతికించాడే అంది. పెద్దదాన్నని ముందు సీట్లో తనే కూర్చుంది. వెనక నుంచి పెద్దమ్మగారు నిన్నటి సంగతంతా చెప్పింది. రైలు గేటూ, జనమూ, తను గదమాయించగానే కారు లేచి నిలబడటమూ.

"పెట్టుడు పళ్ళకి కార్లు భయపడతాయటే పిచ్చిదానా," అంది అక్కగారు.

"అయితే నువ్వే నొక్కు అక్కయ్యా. నీవి సొంత పళ్ళేగా."

నేను బ్రేకు మీద కాలు పెట్టాను. పొడుం డబ్బా మూత ఇంకొంచెం బిగించి జేబులో వేసుకున్నాను. అక్కగారు నొక్కింది. తాళంచెవి బొమ్మ, దాని మీద ఇంటూ గుర్తు. మళ్ళీ నొక్కింది. బొటనవేలితో నొక్కింది. పళ్ళు బిగించి నొక్కింది. నావైపు చూసి, ఏమయ్యా ఇదేమిటని అడిగింది.

అప్పటికి పెద్దమ్మగారు రెండు సీట్ల మధ్య నుంచి ముందుకి వంగి, వేలు చాపి సిద్ధంగా ఉంది.

అడిగినవాళ్ళకి జవాబు చెప్పాలి కదా. నేను పొడుం డబ్బా తీసి, మూత తెరిచాను.