సహారాకు ఒక ఉచిత సీటు

గ్రైండర్లో ఇడ్లీపిండికి ఉద్దిబేడలు తిరుగుతున్నాయి. నేను మధ్యమధ్యలో నీళ్లు చిలకరిస్తూ, అంచుకు ఎక్కిన పిండిని వేలితో కిందికి తోస్తూ నిలబడి ఉన్నాను. మా ఆయన హేమంత్‌కుమార్ వంటింటి గుమ్మంలోకి వచ్చి, ఇంట్లో ఇంగువ అయిపోయిందని చెప్పినంత తేలిగ్గా, "శశీ, మనం సహారా పోతా ఉండాం" అన్నాడు.

గ్రైండరు ఆపేశాను. "ఏ సహారా?" అన్నాను.

"ఏ సహారా ఏందే, ఎడారి సహారా! లిబియా. ఇన్నాళ్లూ మనట్లాంటి వాళ్లని రానిచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు టూరిస్టులకి వీసాలు ఇస్తా ఉండారంట, పేపర్లో వచ్చిండాది. బసవరాజు వాళ్లు, మా ఆఫీసులో ఇంకో మూడు ఫ్యామిలీలు రెడీ. డిసెంబర్లో పోతే ఎండ ఉండదు. ప్లానంతా నువ్వు చూసుకో. నీకు టైముంటాది గదా."

నాకు టైముంటుంది! నేను మహదేవపురలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచర్ని. ఇంట్లో అందరికంటే ముందు లేచి, టిఫినూ మధ్యాహ్నానికి అన్నమూ కూరా చేసి, డబ్బాలు కట్టి, అత్తకు మందులు తీసిపెట్టి, కె.ఆర్.పురం బస్టాపుకు పరిగెత్తి, సాయంత్రం దిద్దాల్సిన నోట్సులు సంచీలో వేసుకుని ఇల్లు చేరతాను. మా ఆయన బ్రూక్‌ఫీల్డ్‌లో చేసేది ఉద్యోగం. నేను చేసేది టైంపాసు. ఈ మాట ఆయన కోపంగా ఎప్పుడూ అనలేదు. నవ్వుతూ, చుట్టాల ముందు, ముద్దుగానే అంటాడు. అందుకే తిరిగి ఏమనాలో నాకు ఏనాడూ తోచలేదు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నా పని ఎంత సులువయ్యేది!

అయినా ఆరోజు నా విసుగు ఎంతోసేపు నిలవలేదు. ఎందుకంటే ఆయన అన్నది ఊటీ కాదు, తిరుపతి కాదు. సహారా. ఏళ్ల తరబడి ఏడో తరగతి పిల్లలకు ఆ పాఠం చెప్పినదాన్ని నేను. బోర్డు మీద ఆఫ్రికా గీసి, పైభాగమంతా సుద్దముక్కతో చుక్కలు పెట్టి, ఇదీ ఇసుక అనేదాన్ని. "మిస్, మీరు చూసినారా?" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. లేదంటే వాళ్లకు నా పాఠం మీద నమ్మకం సగం పోతుంది. పాఠం సంగతి సరే, నాకూ ఒక పిచ్చి కోరిక ఉండేది. ఎటు చూసినా మనిషి కనపడని చోట కొంచెంసేపు నిలబడాలని. శశీ అని మా ఆయనా, మే అని అత్తా, మిస్ అని పిల్లలూ పిలవకుండా ఉంటే నా చెవులకు ఏం వినపడుతుందో తెలుసుకోవాలని. ఇది ఎవరితోనైనా చెబితే డాక్టరు దగ్గరికి తీసుకుపోయేవాళ్లు.

మా అత్త అంజినమ్మ సంగతి విని నెత్తి కొట్టుకుంది. "దుమ్ము సూసేకి దుడ్డిచ్చి పోవల్లనా? పాత మద్రాసు రోడ్డుమింద లారీలు లేపే దుమ్ము సాల్లేదా మీకు?" అంది. అత్త అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు, ఆ దుమ్మును రోజుకు రెండుసార్లు తుడిచేది నేనే కాబట్టి నాకు బాగా తెలుసు. అయినా ఇద్దరం నవ్వుకున్నాం.

ఇక ప్లాను మొదలైంది. ఇందిరానగర్లో ఒక చిన్న ట్రావెల్ ఆఫీసు ఉంది. అక్కడ జెస్సీ అని ఒక నెల్లూరు అమ్మాయి ఈ గుంపును చూసుకుంటోంది. స్కూలు వదిలాక నేను ఆ అమ్మాయి ఆఫీసుకు వెళ్లేదాన్ని. అందరి పాస్‌పోర్టులు పోగు చేయడం, వాటిలోని వివరాలను అరబిక్‌లోకి రాయించడం, ఫొటోలు సరిగా లేవంటే మళ్లీ తీయించడం, అంతా నా నెత్తినే. ఫోన్లు కూడా నాకే. "అక్కా, అక్కడ మొసరు దొరుకుతాదా? మొసరన్నం తినకుంటే నాకు నిద్ర రాదక్కా" అని బసవరాజు. పెరుగు గురించి ఆయన బెంగ. ఇంకొకాయనకు సాంబారు లేకపోతే కడుపు పాడవుతుందట. ఇంకొకాయన శనివారం ఉల్లిపాయ తినడు. ఇసుక గురించి, ఆకాశం గురించి ఒక్కరైనా అడుగుతారేమోనని చూశాను. ఊహూ!

వాళ్లు అడక్కపోయినా నేను లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని చదివాను. ఇసుకదిబ్బల మధ్య ఉప్పునీటి చెరువులు ఉంటాయట. సముద్రం ఒడ్డున రోమను కాలపు ఊరి శిథిలాలు ఉన్నాయట. అన్నిటికంటే నా మనసు పట్టుకున్నది ఘదామెస్ అనే పాత ఊరు. ఎండ తగలకుండా అక్కడి సందులన్నిటికీ పైకప్పు ఉంటుంది. కింద ఆ చీకటి సందుల్లో మగవాళ్లు తిరిగేవాళ్లు. మేడమీద ఆడవాళ్లు. ఒక ఇంటి మిద్దె నుంచి ఇంకో ఇంటి మిద్దెకు దారులు కట్టుకుని, ఊరంతా పైనుంచే తిరిగేవాళ్లట. ఆ పేజీలో గుర్తుగా నా బస్సు టికెట్టు పెట్టుకున్నాను. ఆ మిద్దెల మీద ఒక్కసారి నడవాలి. అంతకుమించి నాకు ఈ ప్రయాణం నుంచి ఏమీ వద్దు. మా ఆయన "మిద్దెలెక్కేకి లిబియా దాకా పోవల్లనా?" అన్నాడు గాని, జెస్సీతో మాట్లాడి నేను పట్టుపట్టి ఘదామెస్‌కు ఒక రోజు పెట్టించాను. ఇన్నేళ్ల సంసారంలో నేను పట్టుపట్టి సాధించుకున్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఇదొకటి.

ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూములో ఉండగా జెస్సీ ఫోన్ చేసింది.

"మేడమ్, ఒక చిన్న కన్ఫర్మేషన్. కుక్ సీటుకి హేమంత్ సర్ మీ పేరు ఇచ్చారు కదా. స్టవ్వులు, కుక్కర్లు, బియ్యం అన్నీ వేరే జీపులో వెళ్తాయి. కుక్ అందులోనే వెళ్లాలి. ఆ జీపు ఘదామెస్‌లో ఆగదు, స్ట్రెయిట్‌గా క్యాంపుకి వెళ్లిపోతుంది, వీళ్లు వచ్చేసరికి భోజనం రెడీగా ఉండాలి కాబట్టి. అందుకని ఘదామెస్ హోటల్లో మీ పేరు తీసేయనా?"

మొదట నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాను. పాపం, ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. మనవాళ్లు గుంపుగా విదేశం పోతే అన్నం, చారు లేకుండా ఉండలేరని వంటమనిషిని వెంట తీసుకుపోవడం మామూలేనట. గుంపు పెద్దదైతే ఆ వంటమనిషి టికెట్టు ఉచితం. మా గుంపులో ఆ ఉచిత సీటుకు మా ఆయన నా పేరు రాయించాడు.

"ఎప్పుడు ఇచ్చినాడమ్మా?" అన్నాను.

"ఫస్ట్ డేనే మేడమ్. మీకు తెలుసనుకున్నా." జెస్సీ గొంతు తగ్గిపోయింది.

అంటే నేను లైబ్రరీ పుస్తకంలో ఆ పేజీ చదివే రోజుకే నా పేరు పొయ్యి పక్కన ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపుకంటే ముందు సిగ్గేసింది. పక్క కుర్చీలో లెక్కల టీచరు ఉంది కాబట్టి, "సరే, మళ్లీ చెప్తా" అని ఫోన్ పెట్టేశాను.

సాయంత్రం భోజనాల దగ్గర అడిగాను. ఆయన ఏమాత్రం తడబడలేదు. తడబడి ఉంటే నాకు కొంచెం మర్యాదగా ఉండేది.

"పేరుకే గదా శశీ! ఎట్లయినా అక్కడ ఒండేది నువ్వే గదా. బేరే ఎవడో ఒండితే మనోళ్లు తింటారా? ఒక సీటు దుడ్డు మిగిలితే మిగలనీలే అనుకున్యా. నీ వంటకి అంత పేరుండాది, సంతోషపడేది పోయి సుమ్నే బేజారు చేసుకుంటావేం?"

"ఘదామెస్?"

"ఏదీ, ఆ మిద్దెలదా? ఫొటోలు తీసుకొస్తాం గదా. స్వల్ప అడ్జస్ట్ చేసుకో. ఇంకొంచెం చారు పొయ్యి."

పోశాను. అదే నాకు ఇప్పటికీ ఒళ్లుమండే సంగతి, గరిటె నిండా తీసి, కంచం బయట ఒక్క చుక్క పడకుండా పోశాను. ఆ రాత్రి పడుకుని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. పోనీలే, పోవడమంటూ పోతున్నాను కదా. ఇసుక కనపడుతుంది కదా. పొయ్యి దగ్గర కూర్చుంటే మాత్రం ఆకాశం కనపడదా? ఎంతమంది ఆడవాళ్లు ఈమాత్రం భాగ్యానికైనా నోచుకున్నారు? ఇన్నేళ్లుగా ఇతరులు నాకు చెప్పిన మాటలన్నీ నా గొంతుతో నేనే చెప్పుకున్నాను, అదీ చాలా బాగా. అయినా నిద్ర పట్టలేదు.

మర్నాడు ఆదివారం. అవరేకాయలు, అంటే అనపకాయలు, అప్పుడప్పుడే వస్తున్న కాలం. నానబెట్టిన గింజలను గిన్నెలో వేసుకుని నేనూ అత్తా పితికి తొక్క తీస్తున్నాం. అత్త నా మొహం చూసింది. కొడుకు మాటలన్నీ ఆమె చెవిన పడ్డాయని నాకు తెలుసు. కొడుకును వెనకేసుకొస్తుందనే అనుకుని, చేతులు ఆపకుండా కాచుకుని ఉన్నాను.

"మీ మామా నేనూ కాశీకి పోయింటిమి గదా" అని మొదలుపెట్టింది.

ఇది నేను లెక్కలేనన్ని సార్లు విన్న కథ. గంగ వెడల్పు, గంగ చల్లదనం, తెల్లారి గంగ మీద ఎర్రగా పడే ఎండ. వీధిలో ఎవరు దొరికినా అత్త చెప్పేది అదే. ఈరోజు మాత్రం ఆమె గంగ దాకా పోలేదు.

"బస్సు నిండా జనం. మా ఆడమనిసి ఒండుతాదిలేప్పా అని మీ మామ అందరికీ మాటిచ్చేసినాడు. దిగిన తావల్లా మూడు రాళ్లు పెట్టేది, పొయ్యి ముట్టిచ్చేది. కాశీలో అందరూ మునిగొచ్చి, తడిగుడ్డల్తో ఆకులేసుకోని కూసుండ్రి. నేను వడ్డిచ్చినా. మీ మామ సెంబులో నీళ్లు తెచ్చి నా నెత్తిన సల్లినాడు. ఆపొద్దే బస్సెక్కేస్తిమి. గంగ ఎట్లుంటాదో నాకు తెల్దు, మే."

నా చేతిలో గింజ జారిపోయింది. "మరి ఊరందరికీ అట్లా చెప్తావే అత్తా! ఎండ ఎర్రగా పడతాదని..."

"ఏం జెప్పేది మరి? కాశీకి పోయి పొయ్యి సూసొచ్చినాననా?"

నవ్వింది అత్త. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నాకు ఆమెను పట్టుకుని ఏడవాలనిపించింది. కానీ మా ఇద్దరికీ ఆ అలవాటు లేదు. గిన్నె నా వైపుకు లాక్కుని ఆమె వంతు గింజలు కూడా నేనే పితికాను. నా ముసలితనంలో వీధిలో వాళ్లకు ఘదామెస్ మిద్దెల గురించి నేనేం చెబుతానో నాకు కనపడింది. ఎవరో తీసిన ఫొటోలు చూసి, అందంగా చెబుతాను. అందరూ నమ్ముతారు. నాకు భయమేసింది.

ఆ వారంలోనే స్కూల్లో వేసుకుంటున్న చీటీ పాడుకున్నాను. అంతవరకు దాన్ని కొత్త ఫ్రిజ్జు కోసమని అట్టిపెట్టుకుని ఉన్నాను. ఫ్రిజ్జు లేకపోతే పాలు విరుగుతాయి, అంతేగా!

శనివారం సాయంత్రం బ్రూక్‌ఫీల్డ్‌లో బసవరాజు ఇంట్లో అందరం కలిశాం. జెస్సీ కంప్యూటరు తెచ్చి గోడమీద బొమ్మలు వేసి చూపించింది. సోఫాల్లో మగవాళ్లు, కింద చాప మీద ఆడవాళ్లు. బసవరాజు భార్య నళిని వంటింటికీ హాలుకూ మధ్య తిరుగుతూ, వడలూ కాఫీలూ అందిస్తూ, గోడమీది బొమ్మలను సగం సగం చూస్తోంది. అన్నీ అయ్యాక జెస్సీ పేర్లు చదివింది. చివరికి వచ్చి ఆగి, నా వైపు చూసి, "కుక్... శశికళ మేడమ్" అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. వెక్కిరించడానికి కాదు, నిజంగా సంతోషంతోనే. "అక్కా, మీరుంటే మాకు సహారా అయినా మనిల్లే!" అన్నాడు బసవరాజు. మా ఆయన గర్వంగా వెనక్కి వాలాడు.

నేను లేచి నిలబడ్డాను. "జెస్సీ, ఆ సీట్లో నా పేరు కొట్టేయమ్మా. నా టికెట్టు నేను కొనుక్కుంటా ఉండా. ఘదామెస్ హోటల్లో నా పేరు ఉంచు" అన్నాను.

"శశీ!" అన్నాడు మా ఆయన, నవ్వు చెదరకుండా ఉండటానికి ప్రయత్నిస్తూ. "మరి వంట?"

"వంటమనిషి సీటు అట్లే ఉండాది గదండీ. ఉచితం. ఒక సీటు దుడ్డు మిగుల్తాదని మీరే చెప్పినారు. ఎవరైనా తీసుకోవచ్చు. వంట రాకుంటే బయల్దేరేలోగా నేను నేర్పిస్తా."

బసవరాజు నోట్లోని వడ మింగి, "అదెట్లక్కా, ఆ జీపులో పోతే ఊరు చూసేది కుదరదంట గదా. అంత దూరం పోయి ఏమీ చూడకుండా ఎవరు వస్తారు?" అన్నాడు. అనేశాక ఒక్కసారి నా మొహంలోకి చూసి, చప్పున కాఫీ గ్లాసులోకి తల వంచేశాడు.

మా ఆయన కూడా తల ఎత్తలేదు. కోపమో, సిగ్గో. సిగ్గే అయి ఉండాలని నా ఆశ.

"వస్తామనే వాళ్లు చెయ్యెత్తండి" అన్నాను, క్లాసులో అడిగినట్టే.

సోఫాల్లో ఒక్క చెయ్యీ కదల్లేదు. వంటింటి గుమ్మంలో కాఫీ ట్రేతో నిలబడ్డ నళిని, ఎవరూ ముందుకు రాకపోతే తనే చెయ్యాలి కాబోలని, ఎప్పటి అలవాటో, ట్రేని పక్కనున్న బల్లమీద పెట్టి చెయ్యి కొంచెం పైకెత్తింది. నేను ఆమెను చూశాను. ఆమె నన్ను చూసింది. చెయ్యి మెల్లగా దించేసుకుని, చాప మీదికి వచ్చి, నా పక్కన కూర్చుంది.