తాడు పట్టని పంతుళ్ళు

వసంతంలో వచ్చే కొత్తేడాది పండగ నూరుజ్ నాడు కోక్-జార్ ఊరి బడి ముంగిట్లో అన్నీ ఉన్నాయి, పంతుళ్ళు తప్ప.

రాళ్ళపొయ్యి మీద పెద్ద కళాయిలో గొర్రెమాంసం కుతకుతమంటోంది. ఆడవాళ్ళు పిండిముక్కల్ని నూనెలో వేసి బోర్సోకులు వేయిస్తుంటే పిల్లలు వేడివేడివే జేబుల్లో కుక్కుకుని చేతులు దులుపుకుంటున్నారు. ఎండ పడే వైపు, అందరికన్నా ఎత్తున, ఊరి గౌరవమంతా పరిచినట్టు ఎర్ర ఉన్ని తివాచీ పరిచారు. పంతుళ్ళ కోసం దాని మీద కొత్త పరుపులు వేశారు, తెల్లగుడ్డ మీద ఎండు ద్రాక్ష పోశారు. ఆ తివాచీ మీద పిట్ట కూడా వాలలేదు.

తల్లిదండ్రుల సంఘానికి పెద్ద బుర్మాకాన్. నూడుల్స్ పిండి పిసుకుతూ మాటిమాటికీ బడి తలుపు వైపు చూస్తోంది. మధ్యాహ్నం అక్-తాష్ ఊరివాళ్ళు తాడుపందేనికి వస్తారు. పందెం షరతు ఒకటే. తాడు పట్టినవాళ్ళలో సగం మంది తల్లిదండ్రులు, సగం మంది పంతుళ్ళు ఉండాలి. పోయినేడు పంతుళ్ళు వచ్చి, ఆ తివాచీ మీద కూర్చుని, రెండు ముద్దలు తిని, దీవించి వెళ్ళిపోయారు. కోక్-జార్ తాడు తాకకుండానే ఓడింది. ఆ రోజు ఆమె కూతురు ఇంటికొచ్చి అన్నం మానేసింది. ఈసారీ అలాగే జరిగితే సంఘం పెద్దరికం ఇంకెవరికైనా ఇచ్చేస్తానని బుర్మాకాన్ ఒట్టు పెట్టుకుంది.

గేటు దగ్గర అప్పుడే కేకలు మొదలయ్యాయి. అక్-తాష్ సంఘం పెద్ద మామిర్ పందెం పొట్టేలును లాక్కుంటూ వస్తున్నాడు.

"ఏం వదినా, మీ పంతుళ్ళేరీ? గాజుబొమ్మలా ఏంది, బీరువాలో పెట్టి తాళమేశారా?"

"నోరు దాచుకో మరిదీ, ఊపిరి తాడుకు కావాలి!" అంది బుర్మాకాన్. పిండి చేతులతోనే బడిలోకి పరుగెత్తింది.

పంతుళ్ళ గదిలో నలుగురైదుగురు చలికోట్లు వేసుకుని ఎండురొట్టె టీలో ముంచుకు తింటున్నారు. బయట మాంసం ఉడుకుతుంటే లోపల ఎండురొట్టె! లెక్కల మాస్టారు నూర్గాజీ కప్పు దాచబోయాడు.

"మాస్టారూ, అక్కయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటా, రండి. తివాచీ వేశాం. ఈసారి పరుపులు కూడా కొత్తవి."

"మా పరీక్ష కాగితాలు చాలా ఉన్నాయమ్మా," అన్నాడు నూర్గాజీ, గోడకేసి చూస్తూ.

అతని పక్కన పంతులమ్మ ఉర్కుయా అక్క కూర్చుని ఉంది. ఆవిడ మంచి దిట్టమైన మనిషి. ఊళ్ళో తల్లులకీ తండ్రులకీ అక్షరాలు దిద్దించింది ఆవిడే. ఆవిడ చూపు బుర్మాకాన్ చేతుల మీద పడింది.

"ఆ పిండేంటే అంత జారుగా ఉంది? కోస్తే ముక్కలు అతుక్కుపోతాయి. ఇలా తే."

"అయ్యో, మీరు ముట్టుకోకూడదక్కయ్యా! మీరు అతిథులు."

"అదీ!" ఉర్కుయా అక్క బల్ల చరిచింది. టీ తొణికింది. "అతిథులు! మమ్మల్ని ఎత్తున కూర్చోబెడతారు. కదిలితే తప్పు, నవ్వితే తప్పు. నా దగ్గర చదువుకున్న పిల్లలే నాతో మాట్లాడ్డానికి వణికిపోతారు. ఆ తివాచీ మీద కూర్చోవడం కన్నా ఇక్కడ ఎండురొట్టె నయం కాదూ?"

బుర్మాకాన్ తామేదో తక్కువ చేశామని ఏడాదంతా కుమిలింది. తక్కువ కాదు, ఎక్కువైంది! ఆమె వెనుదిరిగి పరుగెత్తి, పిండి గిన్నె, అప్పడాల కర్ర తెచ్చి ఉర్కుయా అక్క ఒళ్ళో పెట్టింది.

"అయితే లేవక్కయ్యా. పిండి నీది. మాస్టారూ, పొయ్యి ఆరిపోతోంది, గొడ్డలి గోడ పక్కనుంది!"

నూర్గాజీ మొహం వెలిగింది. "గొడ్డలా? ముందే చెప్పొద్దూ!"

ముంగిట్లోకి పంతుళ్ళు వస్తుంటే పిల్లలు ఈలలేశారు. నూర్గాజీ కోటు విప్పి కట్టె మీద గొడ్డలి వేశాడో లేదో, బుర్మాకాన్ మామగారు కిదిర్‌బాయ్ చేతికర్ర ఎత్తుకుని వచ్చాడు.

"కోడలా! మాస్టారు చేత కట్టెలు కొట్టిస్తావా? ఊరి పరువు పొయ్యిలో పెడతావా?"

"పోయినేడు పరువు తివాచీ మీద పెట్టాం మామయ్యా, పొట్టేలు అక్-తాష్ పోయింది. ఈ ఏడు పొయ్యిలో పెట్టి చూద్దాం."

జనం గొల్లుమన్నారు. ముసలాయన గొణుక్కుంటూ పక్కకు జరిగాడు.

మధ్యాహ్నం తాడు పరిచారు. మంచు కరిగిన బురద చీలమండల దాకా ఉంది. తాడు చివర నడుముకి చుట్టుకుని ఉర్కుయా అక్క నిలబడింది. ఆవిడ ముందు నూర్గాజీ, అతని ముందు బుర్మాకాన్, ఆ ముందు మిగతావాళ్ళు. ఈల మోగింది. అక్-తాష్ వాళ్ళు ఒక్క గుంజు గుంజేసరికి కోక్-జార్ వాళ్ళంతా బురదలో జారారు. టోపీలు రాలాయి. మధ్యగీత దగ్గరికొచ్చేస్తోంది!

అప్పుడు వెనకనుంచి ఉర్కుయా అక్క గొంతు మోగింది. పొద్దున్నే బడి వరసలో వ్యాయామం చేయించే గొంతు.

"ఒకటీ! రెండూ!"

ఆ గొంతు వినగానే తల్లుల వెన్నులు, తండ్రుల వెన్నులు వాటంతటవే నిటారయ్యాయి. ఆ లెక్కకి చిన్నప్పటినుంచీ అలవాటు పడ్డ కాళ్ళవి. ఒకటికి మడమ గుచ్చారు, రెండుకి లాగారు. మళ్ళీ ఒకటి, మళ్ళీ రెండు. అక్-తాష్ వాళ్ళు అడుగు జారారు.

"లాగు మాస్టారూ, నీ తస్సాదియ్యా, లాగు!" అని అరిచింది ఎవరో కాదు, కిదిర్‌బాయే. అన్నాక నాలిక కరుచుకున్నాడు. నూర్గాజీ నవ్వు ఆపుకోలేక బురదలో వెల్లకిలా పడ్డాడు. పడినా తాడు వదల్లేదు. ఆ పాటుతోనే మామిర్ గీత దాటి వచ్చి బోర్లా పడ్డాడు.

ముంగిలంతా గాల్లోకి లేచింది. పిల్లలు పంతుళ్ళ మీద పడి బురద పూశారు. బుర్మాకాన్ కూతురు ఉర్కుయా అక్క నడుం పట్టుకుని వదల్లేదు.

"బీరువా తాళం తీశావే వదినా!" అన్నాడు మామిర్ గడ్డం తుడుచుకుంటూ.

భోజనాల వేళ ఎవరూ ఎత్తున కూర్చోలేదు. పొయ్యి చుట్టూ, తల్లుల మధ్య పంతుళ్ళు, ఒకే పళ్ళెంలో చేతులు పెట్టి తిన్నారు. వచ్చే వసంతానికి ఏం వండాలో, ఎవరేం కోయాలో అప్పుడే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఉర్కుయా అక్క కోసిన నూడుల్స్ ఒక్కటీ అతుక్కోలేదు.

తివాచీ ఖాళీగా లేదు. గెలిచిన పొట్టేలు దాని మధ్యలో నిలబడి, ఎండు ద్రాక్ష తింటూ, ఎవరి వైపూ చూడకుండా, పెద్దమనిషిలా నెమరేస్తోంది. కిదిర్‌బాయ్ దాన్ని దింపబోయి, ఆగి, చేతికర్ర పక్కనపెట్టి, వచ్చి పొయ్యి దగ్గర నూర్గాజీ పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు.