వేరు పొయ్యిల మేడ

నేను ఒక మైకుని. అలాంటిలాంటి మైకుని కాదు. నా గొంతుకి ఒకసారి కురుస్తున్న వాన ఆగిపోయింది. ఇంకోసారి నేను ‘హలో’ అంటే, మూడూళ్ల అవతల దున్నుతున్న ఎద్దులు నాగలితో సహా తిరిగొచ్చేశాయి. నమ్మకపోతే ఆ ఎద్దులనే అడగండి.

పుట్టింది ఢిల్లీలో ఒక ఇరుకు సందులో. కడుపులో రాగితీగ చుట్టి, నెత్తిన జల్లెడ బిగించి, ఒంటి మీద ఏదో విదేశీ పేరు అతికించారు. ఆ పేరు చూసి ఎన్నికల్లో నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన నన్ను కొన్నాడు. ఊరూరా నా చేత వాగ్దానాలు పలికించి, ఓడిపోయి, తప్పంతా నా గొంతుదేనని తేల్చేశాడు. ఆ తర్వాత కొన్నాళ్లు భజన మండలిలో ఉన్నాను. చివరికి టెంటు హౌసు గవరయ్య చేతిలో పడ్డాను. అతను నన్ను పసిపిల్లలా తువ్వాల్లో చుట్టి పడుకోబెట్టేవాడు. ఊది, తట్టి చూడటమే తప్ప నాలో ఒక్క మాటా మాట్లాడేవాడు కాదు. మైకు పెట్టేవాడు మాట్లాడకూడదని అతని నియమం.

ఇక నా జన్మ ధన్యమైన రోజు గురించి వినండి. మా ఊరి జూట్ మిల్లు మూతపడి ఏళ్లయింది. కూలీల కుటుంబాలు మాత్రం మిల్లువాళ్లు కట్టిన వరస ఇళ్ల లైన్లలోనే, కారే రేకుల కింద ఉండిపోయాయి. ఒక బిల్డరు ముందుకొచ్చి, ఆ స్థలంలో అపార్ట్‌మెంట్లు కడతాను, లైన్లలో ప్రతి ఇంటికీ ఒక ఫ్లాటు ఇస్తాను అన్నాడు. కానీ ఆ నేల పరిశ్రమల జోన్. అక్కడ చిమ్నీ కట్టొచ్చు, వంటగది కట్టకూడదు. నివాస జోన్‌గా మార్చాలంటే ముందు జనం మాట వినాలి. లైన్లవాళ్లు వద్దంటే ఫైలు మూసేస్తామని ప్లానింగ్ ఆఫీసరు చెప్పాడు. మూసేస్తే, ఆ రేకులు మరో తుఫానుకి నిలిచేవి కావు. ఆ మాట వినడానికి పిలిచింది ఎవరినో తెలుసా? నన్నే!

మిల్లు గేటు ముందు షామియానా వేశారు. పక్క కాలనీ పట్నాయక్ గారు మొదట లేచి, ఇన్ని ఇళ్ల మురుగు మా వీధిలోకేనా వదిలేది అని అడిగారు. న్యాయమైన మాటే. కాలవ తవ్వాకే పునాది తవ్వాలని ఆఫీసరు అక్కడికక్కడే షరతు రాయించాడు. నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాను.

తర్వాత ఆఫీసరు అసలు కాగితం తీసి చదివాడు: ‘బహుళ కుటుంబ నివాస గృహం’. జనం మళ్లీ చదవమన్నారు. చదివాడు. ముందు వరసలో ఒక ముసలాయన దానికి టీకా చెప్పాడు, బోలెడు కుటుంబాలకి కలిపి ఒకే ఇల్లని. లైన్లన్నీ భగ్గుమన్నాయి. ఒకే ఇల్లంటే ఒకే పొయ్యి కదా!

సన్యాసమ్మ కొంగు బిగించి వచ్చి నన్ను లాక్కుంది. మిల్లులో నార పేనిన చెయ్యి అది, నా నడుము కరకరలాడింది. లైన్లలో ఆమె మాటే అందరి మాట.

“ఏటి బాబూ, తోటికోడలితోనే ఒక పొయ్యి కాడ పడనేక ఏరుపోయినాను. ఇప్పుడు ఊరందరితో కలిపి ఒండమంటావా? మాకొద్దీ కొంప. మా రేకులే మాకు మేలు.”

వెనక నుంచి తోటికోడలు గున్నమ్మ అందుకుంది. “దాని సేతి ఉప్పు తిన్నోలకి తెలుస్తాది, ఎవలు ఎందుకు ఏరుపోయినారో.”

షామియానా నవ్వుతో ఊగింది. నాకు మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. ఆఫీసరు చెమట తుడుచుకుని, బహుళ అనగా ఒకటి కన్నా ఎక్కువ అని వివరించాడు. దాంతో మంట ఇంకా పెరిగింది. బిల్డరు మనిషి కంగారులో నక్షా తలకిందులుగా పట్టుకుని చూపించాడు. లైన్లవారు వద్దన్నారని రాసుకోవడానికి గుమాస్తా కలం తీశాడు.

అప్పుడు గవరయ్య నన్ను అందుకున్నాడు. ఊదలేదు, తట్టలేదు. తన నియమం పక్కనబెట్టి నాలో మాట్లాడాడు.

“అమ్మా, అది కలిసే కొంప కాదు, ఏరుపడిన కొంప. మేడ ఒకటేగానీ ఎవలి గోడ ఆలది, ఎవలి పొయ్యి ఆలది.”

గోల చప్పున చల్లారింది. సన్యాసమ్మ ఆఫీసరు వైపు తిరిగి, నిజమేనా, తలుపు కూడా ఎవరిది వాళ్లదేనా అని అడిగింది. అవునన్నాడు. స్నానాల గదికో అంది. దానికీ తలుపుంటుంది, లోపల గడియ కూడా ఉంటుందన్నాడు. చీర అడ్డం కట్టుకుని స్నానం చేసే లైన్ల ఆడవాళ్లంతా ముందుకు జరిగి విన్నారు.

సన్యాసమ్మ నన్ను మళ్లీ తీసుకుంది. ఈసారి మెత్తగా పట్టుకుంది.

“అలగైతే రాసుకో బాబూ. కావాలి. మా అందరికీ కావాలి.”

ఆ ‘కావాలి’ని లైన్లన్నీ అందుకున్నాయి చూడండీ! తుప్పుపట్టిన మిల్లు సైరను దానంతటదే మోగింది. పైన పోతున్న విమానం కాసేపు ఆగి, విని వెళ్లింది. అంత మాట మోయలేక నా లోపలి పొర ఫట్‌మని చిరిగిపోయింది. ఏ మైకుకి దక్కుతుందండీ అలాంటి చావు!

ఇప్పుడు పాత ఇనుము కొట్లో, పగిలిన ఫ్యానుకీ కుట్టుమిషనుకీ మధ్య పడి ఉన్నాను. జోన్ మారింది, మేడ లేచింది. నన్ను చూసి అందరూ నోరనుకుంటారు గానీ, మైకంటే నిజానికి చెవి. చిరిగిన చెవే అయినా, తెల్లారేసరికి గాలి ఇటు తిరిగితే చాలు, మేడలో స్నానాల గదుల గడియలు లోపలి నుంచి ఒక్కొక్కటే పడుతున్న చప్పుడు నాకు వినిపిస్తుంది.