నేతి మరకలు

ప్రేమ గుడ్డిదంటారు పెద్దలు. మాత్సర్యం అలాంటిది కాదు. దానికి ఒళ్ళంతా కళ్ళే.

ఆ విశ్రాంతిదినం, శనివారం మధ్యాహ్నం, రోష్ హఆయిన్ పట్టణంలో, యెమెను నుంచి వచ్చిన యూదుల ప్రార్థనాలయం వెనుక వాకిట్లో, నలభై మంది ఆడవాళ్ళు కూడి ఉన్నారు. చివరి వరుసలో కూర్చున్న డెబ్భై ఏళ్ళ బద్రా తన చెల్లెలి మీద నిలిపిన చూపు తిప్పలేదు. మొదటి టీ గ్లాసు చెల్లెలికే అందింది. చెల్లెలి కుర్చీలో మెత్త వేశారు. వేయించిన గింజలూ ఎండుద్రాక్షలూ బాదములూ ఉన్న పళ్ళెం చెల్లెలి దగ్గర బయలుదేరి, వరుసలన్నీ తిరిగి బద్రా ఒడిలోకి వచ్చేసరికి అందులో మిగిలినవి కాస్త పొట్టు, రెండు చేదు బాదములు.

చెల్లెలి పేరు పుట్టినప్పుడు దహబా. బడిలో చేర్చుకున్న పంతులమ్మ దానిని జెహావాగా మార్చింది. రెండు పేర్లకూ అర్థం బంగారమే. పెద్దయ్యాక ఆమె తానే పంతులమ్మ అయింది. పదవీ విరమణ చేసి రెండేళ్ళు కాగానే ఈ కూటాన్ని మొదలుపెట్టింది. లేఖనాలలో రాజుల యుద్ధాలకూ బలిపీఠాల కొలతలకూ ఉన్న చోటు ఆడవాళ్ళ మాటలకు లేదనీ, ఉన్న నాలుగు మాటలూ వ్యాఖ్యానాల కింద పూడిపోయాయనీ, రాళ్ళలోంచి గింజను ఏరినట్టు వాటిని ఏరి పైకి తీయాలనీ ఆమె సంకల్పం. సముద్రతీరాన తంబుర పట్టిన మిర్యామునూ, పెదవులు మాత్రమే కదిపి బిడ్డ కోసం మొరపెట్టుకున్న హన్నానూ, ఖర్జూరపు చెట్టు నీడన తీర్పులు చెప్పిన దెబోరానూ ఆమె ఇప్పటికే ఆ వాకిట్లోకి తీసుకువచ్చింది.

"వచ్చే వారం రాహేలు" అంది జెహావా. "అదే రోజు మా అమ్మ వర్ధంతి. మా నాన్న చేతిరాత గ్రంథం తెచ్చి, అందులోంచే చదువుతాను."

ఆడవాళ్ళు నోళ్ళు తెరిచారు. బద్రా పక్కనే కూర్చున్న షమా ఆమె మోచేతిని పొడిచింది.

"చెల్లెలంటే అట్లా ఉండాలి వదినా! నాకూ ఉంది ఒకతె. టీవీ రిమోటు మీది అంకెలు తప్ప ఇంకేం చదవదు."

"బాదం తింటావా షమా? బాగా తియ్యగా ఉన్నాయి" అంటూ బద్రా ఆ రెండు చేదు బాదములూ ఆమె చేతిలో పెట్టింది.

ఆ గ్రంథం మాట వింటేనే బద్రాకు కడుపులో కుంపటి రాజుకుంటుంది. తల్లి పోయినప్పుడు అన్నగారు పంపకం చేస్తూ, "పుస్తకం చదివేవాళ్ళకి, రోలు దంచేవాళ్ళకి" అన్నాడు. ఎవరూ కాదనలేదు. బద్రా కూడా కాదనలేదు. కాదనాలంటే దాచుకున్న మాట ఒకటి బయటపెట్టాలి. బద్రాకు చదువు వచ్చు.

వచ్చిన తీరే వేరు. యెమెనులో హరాజ్ కొండల్లోని వాళ్ళ ఊరికి తండ్రి యహ్యాయే గురువు. ఉన్నది ఒకే గ్రంథం. దాని చుట్టూ అయిదుగురు మగపిల్లలు కూర్చునేవారు. ఎవరి వైపు నుంచి వాళ్ళు చదవాలి. వారానికొకసారి చోట్లు మారాలి. అలా ఆ ఊరి మగవాళ్ళందరికీ కుడి నుంచీ ఎడమ నుంచీ తలకిందులుగానూ చదవడం అలవడింది. అది వాళ్ళకు గొప్ప కూడా. బద్రా చోటు మాత్రం ఏనాడూ మారలేదు. గ్రంథానికి ఆవల, పొయ్యి పక్కన, నేతితో రొట్టెల పిండి మర్దించే చోటు. పుస్తకం పాదాలు తండ్రివైపు, తల ఆమెవైపు. అక్షరాలు తలకిందులుగానే ఆమె కళ్ళలోకి దిగాయి, తలకిందులుగానే నిలిచిపోయాయి. తండ్రి బయటికి వెళ్ళినప్పుడు ఆమె చెయ్యి చాచి, తలవైపు అంచు పట్టుకుని పుటలు తిప్పేది. వేళ్ళ నెయ్యి పుటలకంటేది. తండ్రి ఆ మరకలను చూశాడు. ఒక్క మాటా అనలేదు. మర్నాటి నుంచి మాత్రం చాపను పొయ్యికి ఒక మూర దగ్గరగా జరిపి కూర్చున్నాడు.

ఆమె పదకొండో ఏట అందరూ విమానమెక్కి యూదులకు కొత్తగా ఏర్పడిన ఈ దేశానికి వచ్చారు. గుడారాల శిబిరంలో మొదటి శీతకాలం గడవకుండానే తండ్రి కన్నుమూశాడు. పెద్దపిల్లలకు సాయంత్రం పాఠాలు పెట్టిన ఒక పంతులమ్మ బద్రా చేతికి పుస్తకమిచ్చింది. బద్రా దానిని తనకు తెలిసిన తీరులో తిప్పి పట్టుకుంది. గుడారమంతా గొల్లుమంది. పంతులమ్మ జాలిగా నవ్వి పుస్తకాన్ని నిటారుగా నిలబెట్టింది. అక్షరాలు పరాయివాళ్ళలా చూశాయి. బద్రా తల వంచుకుంది. ఆమె పేరుకెదురుగా 'చదువు రాదు' అని రాశారు. ఆ తరువాత నారింజతోటల్లో పని, పెళ్ళి, పిల్లలు. అప్పటికి మూడేళ్ళ పసిదైన చెల్లెలు ఆరేళ్ళది కాగానే, నారింజ వాసన వదలని తన చేతితో ఆమె చేయి పట్టుకుని బడి గేటుదాకా నడిపించింది బద్రాయే. గేటు లోపలికి నడిచింది జెహావా.

మంగళవారం జెహావా అక్క ఇంటికి వచ్చేసరికి బద్రా మిరియాలూ జీలకర్రా రోట్లో వేసి దంచుతోంది.

"శనివారం నేనూ రెండు ముక్కలు చెబుతానే దహబా" అంది తలెత్తకుండా.

"చెప్పక్కా, ఎవరొద్దన్నారు? అమ్మ పాడే పెళ్ళిపాటలు పాడు. నీ గొంతులో అచ్చం అమ్మే పలుకుతుంది."

"పాట కాదు. రాహేలు అక్క లేయా గురించి."

జెహావా చిన్నపిల్లల జవాబు విన్న పంతులమ్మలా నవ్వింది. "లేయా గురించి ఏముందక్కా? కళ్ళు బాగోలేవు, చెల్లెలి ముసుగులో పెళ్ళయింది. రాహేలు ఏడిస్తే ఆకాశం కదిలింది. గొంతంటే అదీ."

"లేయా నోరెత్తలేదా? కడుపు పండిస్తాయనే ఆ పుత్రదాత పండ్ల దగ్గర చెల్లెల్ని కడిగెయ్యలేదూ?"

"అబ్బ, ఆ గొడవా! ఒకే మొగుడి కోసం అక్కాచెల్లెళ్ళు కొట్టుకోవడం మన వాకిట్లో చదివితే గోడ అవతల మగాళ్ళు నవ్వరూ? అది వదిలేస్తున్నా. నువ్వు పాడు, పుస్తకం సంగతి నేను చూసుకుంటా."

"లేఖనంలో ఉన్నది వదిలేస్తావా?"

"కొన్ని గొంతులు వినపడకపోతేనే మర్యాదక్కా" అని, జెహావా ఒక మిరియపు గింజను నోట్లో వేసుకుని వెళ్ళిపోయింది.

బద్రా దంచుతూనే ఉంది. జీలకర్ర పొడి దాటి దుమ్మయింది.

వాళ్ళ ప్రార్థనాలయంలో ఒక కట్టుబాటు ఉంది. పారాయణం చేసేవాడి నోట తప్పు దొర్లితే విన్నవాడెవడైనా సరే, బిచ్చగాడైనా సరే, అక్కడికక్కడే "తప్పు!" అని కేక వేయాలి. చదివేవాడు ఎంతటివాడైనా ఆగి, దిద్దుకుని, మళ్ళీ చదవాలి. అందులో అవమానం లేదంటారు గాని, చెవులు ఎర్రబడని పారాయణికుణ్ణి బద్రా ఇంతవరకు చూడలేదు. ఆడవాళ్ళ కూటంలో ఆ కేక ఎవరూ ఎన్నడూ వేయలేదు. తాను వేస్తుంది. వారమంతా మధ్యాహ్నాలు తలుపు గడియ పెట్టుకుని, మంచం కింది పెట్టెలోంచి అచ్చుపుస్తకం తీసి, తలకిందులుగా పట్టుకుని, ఆ అక్కాచెల్లెళ్ళిద్దరినీ పెళ్ళాడిన యాకోబు కథ మొదటి నుంచి చివరిదాకా పదకొండుసార్లు చదివింది. దైవవాక్యాన్ని ఆమె ఇంత శ్రద్ధగా ఎన్నడూ చదవలేదు. ఇంత పాడు ఉద్దేశంతోనూ ఎన్నడూ చదవలేదు.

శనివారం వచ్చింది. వాకిట్లో లేత ఎండ. జెహావా తండ్రి గ్రంథాన్ని తెల్లని గుడ్డలోంచి విప్పి బల్ల మీద పెట్టి చదవసాగింది. బద్రా చెవి రిక్కించింది. ఒక వాక్యం, పది వాక్యాలు, ముప్పై వాక్యాలు. ఒక్క అక్షరం జారలేదు, ఒక్క స్వరం వంకరపోలేదు. పుత్రదాత పండ్ల ఘట్టాన్ని మాత్రం అన్నమాట ప్రకారం గడుసుగా దాటేసింది. దాటేయడం తప్పు చదవడం కాదు. దానికి కేక వేసే కట్టుబాటు లేదు. నోటిదాకా వచ్చిన కేక బద్రా గొంతులో చేపముల్లులా అడ్డం పడింది. చెల్లెలు నిజంగానే బాగా చదివింది. అంతకంటే ఓర్వలేని సంగతి ఆమెకు ఈ లోకంలో మరొకటి లేదు.

చదవడం ముగించి జెహావా గ్రంథాన్ని రెండు చేతులా పైకెత్తి ఆడవాళ్ళవైపు తిప్పింది.

"చూశారా, ప్రతి పుటకూ తలవైపున ఈ మరకలు? మా తాతముత్తాతల కన్నీళ్ళు ఇవి. ఆలయం కూలిపోయిందని ఏడుస్తూ చదివినవాళ్ళవి. మా ఇంట్లో ఏ ఆడదాని చెయ్యీ ఈ పుటలను తాకే భాగ్యానికి నోచుకోలేదు. మా అమ్మ, మా అక్క చెవులతోనే విన్నారు. వాళ్ళందరి తరఫునా మొదటిసారి నేను..."

"తప్పు!"

నలభై తలలు వెనక్కి తిరిగాయి. బద్రా తనకే తెలియకుండా లేచి నిలబడి ఉంది.

"ఏ మాటక్కా తప్పు?" అంది జెహావా. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అది చూడటానికి బద్రాకు చాలా బాగుంది.

"కన్నీళ్ళు కావవి. నెయ్యి. నా వేళ్ళవి."

ఎవరో కిసుక్కున నవ్వారు. బద్రా వరుసలు దాటుకుంటూ వెళ్ళి గ్రంథాన్ని చెల్లెలి చేతుల్లోంచి తీసుకుంది. బల్ల మీద పెట్టి, పాదాలు తనకు ఆవల ఉండేలా తిప్పింది.

"వదినా, తలకిందులు!" అని షమా కేకవేసింది. ఈసారి వాకిలంతా గొల్లుమంది. ఆనాటి గుడారం నవ్వే. ఇప్పుడు వెళ్ళి కూర్చోవచ్చు. ముసలిది, మతిపోయిందనుకుని రేపటికి మరిచిపోతారు. కానీ పుస్తకం తల ఆమెవైపు ఉంది. బొటనవేలు దానంతటదే వెళ్ళి పాత మరక మీద ఆనింది.

ఆమె చదివింది. మొదటి రెండు మాటలకు గొంతు తడబడింది. తరువాత, చెల్లెలు వదిలేసిన చోటునుంచి, తండ్రి చెప్పే వరసలోనే స్వరం సాగింది. కోతల కాలాన పొలంలో దొరికిన పండ్లను కొడుకు లేయా చేతికిచ్చాడు. చెల్లెలు వచ్చి వాటిలో కొన్ని అడిగింది. అప్పుడు లేయా నోరు తెరిచింది: నా పెనిమిటిని తీసుకున్నది చాలలేదా, ఇప్పుడు నా కొడుకు తెచ్చిన పండ్లు కూడా నీకే కావాలా అని.

ఆ మాటలు బద్రా నోట పారాయణంలా రాలేదు. బజారులో ఎదురుపడి అడిగినట్టు వచ్చాయి. నవ్వులు ఆగిపోయాయి. ముందు వరుసలోని ఒక పండు ముసలమ్మ, "మా నాన్న కూడా అటు కూర్చునే చదివేవాడు" అని గొణిగి కళ్ళు తుడుచుకుంది.

బద్రా ఆగింది. ఆశ్చర్యం వల్ల ఆగింది. పదకొండుసార్లు చదివినా ఈ సంగతి తట్టలేదు. మిర్యాము పాటనూ హన్నా ప్రార్థననూ దాచినట్టే, కడుపు మండిన ఒక అక్క గొంతును కూడా దేవుడు తన గ్రంథంలో దాచి ఉంచాడు. కొట్టేయలేదు, దిద్దలేదు. సిగ్గుపడి దాటేసింది మనుషులే.

జెహావా ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. ఆమె అడుగుతుందని బద్రా ఎదురుచూసిన ప్రశ్నలు వేరు. ఆమె అన్నది వేరు.

"నాన్న నీకు నేర్పాడా?"

"నేర్పలేదు. చూడనిచ్చాడు."

"నాకు ఒక్క అక్షరమూ చెప్పలేదు" అంది జెహావా. గొంతు చిన్నపిల్లదిలా పలికింది. "నాకసలు ఆయన ముఖమే గుర్తులేదు. ముప్పై ఏళ్ళు ఊళ్ళో పిల్లలందరికీ పాఠాలు చెప్పాను. నాకు చెప్పినవాళ్ళంతా జీతానికి చెప్పినవాళ్ళే. ఆయన చేతి కింద నేర్చుకున్నది నువ్వా? ఈ వరస ఆయనదా?"

బద్రా ఆ కళ్ళలోకి చూసింది. ఆ చూపు ఆమెకు కొత్తది కాదు. అరవై ఏళ్ళుగా అద్దంలో చూస్తున్నదే. ఒక్క క్షణం అది నాలుక మీద తేనెబొట్టులా తియ్యగా ఉంది. గుటక వేశాక గొంతు మండింది.

"ఆయనదే" అంది. "నీ జడ అల్లేటప్పుడు నేను చెప్పిన వాక్యాలన్నీ ఈ వరసలోవే. అవి గాలిలోంచి వచ్చాయనుకున్నావా?" అని జోడించింది.

జెహావా మెత్త వేసిన కుర్చీని ఈడ్చి బల్లకు రెండోవైపు వేసుకుంది. గ్రంథం పాదాలు ఇప్పుడామెవైపు ఉన్నాయి, తల అక్కవైపు. ఒకరు గ్రంథాన్ని తిప్పవలసిన పనిలేదు, మరొకరు మెడ వంచవలసిన పనిలేదు. ఇద్దరి ముఖాలూ ఒకే పుట మీదికి వంగాయి.

"రాహేలు ఏం జవాబు చెప్పిందో చదువుతాను" అంది జెహావా.

"చదువు. అది నీ మాటే కదా."

వరుసల్లోంచి షమా లేచి, పళ్ళెం పట్టుకుని ఎవరి ముందు పెట్టాలో తెలియక తచ్చాడి, చివరికి బల్ల మధ్యన గ్రంథం పక్కగా పెట్టింది.

"అటు పెట్టు! మళ్ళీ మరకలైతే మా చెల్లెలు వాటిని కన్నీళ్ళంటుంది" అంది బద్రా.

వాకిలి నవ్వింది. జెహావా నవ్వలేదు గాని పెదవి కొరుక్కుంది. రాహేలు జవాబు చదివింది. పుట చివరికి రాగానే అలవాటు కొద్దీ ఆమె వేలు అంచు మీదికి పాకింది.

పైనుంచి బద్రా అరచెయ్యి దిగి పుటను గట్టిగా అదిమింది.

"ఆగవే. నా వైపు ఇంకా అవ్వలేదు."