వేదిక మీద పోయిన ముహూర్తాలు

డేటాబేస్‌లతో కుస్తీ పట్టేవాళ్లంతా ఏటా ఒకసారి కలుస్తారు. ఈసారి సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలోని ఓ హాల్లో కలిశారు. మెడలో పేర్ల బిళ్లలు, చేతిలో సమోసాలు, నోటినిండా సొంత గొప్పలు. అక్కడ మాట్లాడే అవకాశాన్ని అనుపమ అడిగి మరీ తెచ్చుకుంది. ఆమె పనిచేసే చిన్న కంపెనీ నగరంలోని ఫంక్షన్ హాళ్ల బుకింగులు చూస్తుంది. ప్రసంగం బాగా జరిగితే టీమ్ లీడ్‌ను చేస్తానని బాస్ రాఘవేందర్ మాటిచ్చాడు. ఇప్పుడు ముందు వరసలోనే కూర్చున్నాడు.

ఉత్తుత్తి బుకింగులను అందరి ముందు చెరిపేసి, మళ్లీ తెచ్చి చూపించాలి. ప్రసంగమంతా అదే.

ఈ పనిలో ఉన్నవాళ్లు చెయ్యి జారకుండా అసలు డేటా ఉన్న విండోకు ఎర్ర రంగు పెట్టుకుంటారు. ఎర్రటి దాని మీద అక్షరాలు ప్రొజెక్టర్‌లో కనబడటం లేదని అనుపమ విండోలన్నిటినీ తెల్లగా మార్చేసింది. పైగా పొద్దున అల్వాల్ నుంచి ఆటోలో వస్తూ ఆఫీసు పనికోసం అసలు డేటా తెరిచి, మూయడం మరిచింది. ఇంత బుద్ధితక్కువ పని తెలివైనవాళ్లే చేస్తారు లెండి.

"ఇప్పుడు బుకింగులన్నీ తీసేస్తున్న, చూడండి," అంటూ మీట నొక్కింది.

ఉత్తుత్తివి పదో పన్నెండో ఉండాలి. వేలల్లో పోయాయని తెర చెప్పింది. అనుపమ నొక్కింది అసలు డేటా ఉన్న విండోలో. హాలు మాత్రం చప్పట్లు కొట్టింది.

దాచడం తేలికే. పక్క విండోలోకి పోయి నవ్వుతూ ప్రసంగం ముగించి, టీ విరామంలో ఓ మూల కూర్చుని అన్నీ తిరిగి తెచ్చేయొచ్చు. కానీ ఆలోగా? అసలే ముహూర్తాల రోజులు. హాళ్లన్నీ ఖాళీ అని కనిపిస్తుంటే ఒకే రోజుకు ఒకే హాలును ఇద్దరు పెళ్లివాళ్లకు రాసేస్తారు. చెబితేనో, పరువూ గోవిందా, లీడ్ పదవీ గోవిందా. నీళ్ల సీసా అందుకుంది. ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది.

"ఇది డెమో కాదు. నిజంగనే పోయినయి," అంది.

హాలు గొల్లుమంది. ఏం నటిస్తోందిరా అనుకున్నారు.

"నవ్వకండి! రాఘవేందర్ సార్, జెర ఆఫీసుల కల్పలతకు ఫోన్ చెయ్యండి. బుకింగులు బంద్ పెట్టమనండి!"

ఆఫీసుకు ఫోన్ అనేసరికి నవ్వులు ఆగాయి. రాఘవేందర్ ఫోన్ చెవిన పెట్టుకుని బయటికి పరుగెత్తాడు. అనుపమ తెర ఆర్పలేదు. చేసే ప్రతి పనీ పైకి చెబుతూ బ్యాకప్ నుంచి తెచ్చుకోవడం మొదలుపెట్టింది. మధ్యలో ఒకసారి తప్పు కొట్టి, తిట్టుకుని, మళ్లీ కొట్టింది. టీకి పిలిచినా ఎవరూ లేవలేదు. చివరికి పొద్దుటి బుకింగులతో సహా అన్నీ వచ్చాయి.

మెట్ల దగ్గర రాఘవేందర్ ఎదురయ్యాడు.

"ఏందమ్మా గిది? ఎక్కడా డబుల్ కాలేదట, బచాయించినం. లీడ్ సంగతి మాత్రం ఇప్పట్ల అడగకు."

"అడగను సార్."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు చెప్పకుంటే నాకు తెలుస్తుండెనా?"

"తెల్వకపోతుండె సార్."

"మరి చెప్పినవ్ గదా. ఇంకా ఎందుకు పరేషాన్? అన్నీ వచ్చినయి."

"పోయినయని అయిన భయం, అవి రాంగనే పోయింది సార్," అంది అనుపమ. "కానీ నీళ్లు తాగినంతసేపు చెప్పొద్దనే అనుకున్న. గట్ల అనుకున్నందుకు అయిన భయం ఇంకా పోతలేదు."