కార్తీక సోమవారం రొయ్యల కొట్టు

అమెరికావాడు మన రొయ్యల మీద సుంకం బాదేసరికి, చల్లపల్లి అవతల బసవయ్య రొయ్యల షెడ్డు మూతపడింది. రొయ్యలు వొలిచే ఆడవాళ్ళందర్నీ ఇళ్ళకు పంపేశాడు. అప్పట్నుంచీ పొద్దున్నే టీవీ ముందు కూర్చోవడమే ఆయన పని. రెండు దేశాల చర్చలూ బాగా సాగుతున్నాయంటే ఇంకో రెండు ఇడ్లీలు వేయించుకునేవాడు. వాయిదా పడ్డాయంటే పళ్ళెం తోసేసేవాడు.

"ఇంకెన్నాళ్ళు బావా? షెడ్డు పడగొట్టి ఫంక్షన్ హాలు కట్టేద్దాం," అని బావమరిది లక్ష్మీకాంత్ జోరీగలా తగులుకున్నాడు.

బసవయ్యకు ఒళ్ళు మండింది. ఆ షెడ్డంటే ఆయనకు ప్రాణం. "బెజవాడ వన్ టౌన్‌లో కొట్టు పెట్టి అక్కడివాళ్ళకే అమ్ముతాన్రా! నెల్లోగా ఆడకపోతే నీ హాలు కట్టుకో!" అని నోరు జారాడు.

పంతులుగారిని దుకాణానికి ముహూర్తం అడిగాడు. ఏం దుకాణమో మాత్రం చెప్పలేదు, ఆయన ముందు రొయ్యల పేరెత్తడానికి మొహమాటం. పంతులుగారు పంచాంగం తిరగేసి దివ్యమైన రోజే పెట్టారు. కార్తీక సోమవారం!

రిబ్బను కత్తిరించాక గానీ ఆ సంగతి ఎవరికీ వెలగలేదు. బజారంతా విభూతి రేఖలు, ఉపవాసాలు. వచ్చినవాళ్ళు కొబ్బరిముక్క నోట్లో వేసుకుని, ఐసు పెట్టెల వంకైనా చూడకుండా వెళ్ళిపోయారు.

"సుంకం అమెరికావాడు వేశాడు సరే, ఈ నెల ఎవరు చూసుకోమన్నారండీ మిమ్మల్ని?" అంది భార్య శివపార్వతి. బసవయ్యకు ఏడుపొక్కటే తక్కువ.

షెడ్డులో ఆడవాళ్ళకు మేస్త్రీగా ఉండే హెలెన్ నవ్వాపుకుంది. "కార్తీకం మీకు గానీ మాక్కాదుగా సార్!" అని చర్చి వాట్సాప్ గ్రూపులో రొయ్యల ఫొటో పెట్టింది. సాయంత్రానికి సగం పెట్టెలు ఖాళీ.

చీకటి పడుతుండగా పక్క కిరాణా కొట్టు వీరభద్రరావుగారు అటూ ఇటూ చూసి లోపలికొచ్చారు. "మా డ్రైవర్ అడిగాడండీ. ఓ రెండు కేజీలు... కాస్త పెద్దవి చూసి."

మర్నాటి నుంచి అందరికీ డ్రైవర్లే. సైకిలు మీద వచ్చినవాళ్ళకీ డ్రైవర్లున్నారు! బసవయ్య నవ్వు బిగబట్టుకుని తూచి ఇచ్చాడు.

నెలాఖర్న లక్ష్మీకాంత్ ఫోన్ చేశాడు, గొంతు బాగా తగ్గించి. "బావా, మా వాచ్‌మన్‌కి ఓ మూడు కేజీలు పక్కన పెట్టించవా?"

వాడింటికి వాచ్‌మన్ కాదు కదా, కుక్క కూడా లేదు.

"మరి ఫంక్షన్ హాలేదిరా?"

"అబ్బా, ముందు రొయ్యలు పంపు బావా!"

బసవయ్య ఫోన్ పెట్టేసి కళ్ళు తుడుచుకున్నాడు. "హెలెనమ్మా, రేపు అందర్నీ షెడ్డుకి రమ్మను," అన్నాడు. "ఊళ్ళో వాచ్‌మన్‌లు ఆకలి మీదున్నారు."